సూది చూపించని చెయ్యి

రక్తపరీక్షల ల్యాబులో ఆమెను అందరూ దోమక్క అనేవారు. ఆ పేరు పెట్టింది ఐదేళ్ల పేషెంటు ఒకడు. "ఈ అక్క దోమలాంటిది, కుట్టి వెళ్లిపోయాకే తెలుస్తుంది" అన్నాడట. అది తిట్టు కాదు, బిరుదు. ఆమె కూడా అలాగే పుచ్చుకుంది.

పిల్లల దగ్గర రక్తం తీయడమంటే మాటలు కాదు. గుప్పెడంత చెయ్యి, దారమంత నరం, దానికి తోడు పైకప్పు ఎగిరిపోయే ఏడుపు. తక్కినవాళ్లయితే ఇద్దరు పట్టుకుంటే ఒకరు పొడిచేవారు. దోమక్కకు ఎవరూ పట్టుకోనక్కర్లేదు. ఆమె గదిలో పైనుంచి కాగితపు చేపలు వేలాడుతుండేవి. "చేపలెన్నున్నాయో చెప్పు చూద్దాం. నాలుగా? నాకు ఐదు కనిపిస్తున్నాయే, సరిగ్గా చూడు" అనేది. పిల్లవాడు ఐదో చేపను వెతుక్కుంటూ ఉండగానే సూది దిగేది, గొట్టం నిండేది, దూది పడేది. అసలు అక్కడ ఐదో చేప అంటూ ఏనాడూ లేదు. "పన్నెండేళ్ల సర్వీసులో ఒక్క పిల్లకి కూడా సూది కనపడనివ్వలేదు నేను" అని చెప్పుకునేది. చెప్పుకుంటే తప్పేముంది, చేతిలో అంత పనితనం ఉన్నప్పుడు?

కానీ ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ నేర్పంతా ఇంటి గుమ్మం దాకానే. ఇంట్లో ఏడేళ్ల కూతురుంది. ముందు పళ్లు పెద్దవని వాళ్ల నాన్న చిట్టెలుక అని పిలిచేవాడు, అదే నిలిచిపోయింది. "నోట్లో వేలు పెట్టినా కొరకలేదు" అని కొందరు పిల్లల గురించి మెచ్చుకుంటూ చెబుతారు కదా, ఈ పిల్ల దగ్గర ఆ పరీక్ష చేయకపోవడమే మంచిది. కొరుకుతుంది. చేతికందింది విసురుతుంది. నేల మీద పడి మడమలు బాదుకుంటుంటే కింది వాటా వాళ్లు కర్రతో పైకప్పు కొడతారు. తక్కిన వేళల్లో వెన్నముద్ద. కాగితం ముందేసుకుని గంటల తరబడి బొమ్మలు గీసుకుంటుంది, మన కాలు తొక్కితే సారీ చెబుతుంది. ఏది ఎప్పుడో తెలియకపోవడమే దోమక్కకు ప్రాణసంకటం.

ఆ రోజు బడి నుంచి ఫోను వచ్చింది. వెళ్లేసరికి హెడ్మాస్టరమ్మ గదిలో క్లాసు టీచరు మణికట్టుకు చేతిరుమాలు చుట్టుకుని కూర్చుని ఉంది. దోమక్క తేలు కుట్టిన దొంగలా లోపలికెళ్లి, ముందుగా ఆ రుమాలు విప్పి చూసింది. పైన రెండు గాట్లు, కింద మూడు. చర్మం తెగలేదు. సంచిలోంచి మందు తీసి తుడిచి కట్టు కట్టింది. పని చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

"నేనేమీ అనలేదండీ" అంది టీచరు, కోపం కన్నా బాధే ఎక్కువగా. "రంగు పెన్సిళ్ల పెట్టె చూపించి, రా బంగారం, మనిద్దరం ఆ బల్ల దగ్గర కూర్చుని వేసుకుందాం అన్నాను. అంతే."

"ఇది మూడోసారి" అంది హెడ్మాస్టరమ్మ. "నెల రోజులు చూస్తాను. గ్రంథాలయం మేడ మీద శనివారాలు తల్లిదండ్రుల క్లాసు జరుగుతుంది, ఇలాంటి పిల్లలున్న వాళ్లకి. మీరు వెళ్లాలి. ఈ నెలలో మళ్లీ కొరికిందా, ఇంకో బడి చూసుకోండమ్మా."

ఇదే ఇంకో బడి. మొదటి బడి ఆరు నెలల క్రితమే చేతులెత్తేసింది. దోమక్క ఆ సాయంత్రం తల్లికి ఫోను చేసింది.

"నా దగ్గర వదిలెయ్యవే ఒక ఏడాది" అంది తల్లి. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? నువ్వు డ్యూటీలు చేసుకుంటూ దీన్నేం చూస్తావు? సెలవులకి అని చెప్పి తీసుకురా. మధ్యాహ్నం పడుకున్నాక నువ్వు బస్సెక్కెయ్. రెండ్రోజులు ఏడుస్తుంది, మూడో రోజుకి మర్చిపోతుంది. నిన్ను బడిలో దింపిందీ అలాగే కదా, గోడ మీద బొమ్మలు చూపించి."

దోమక్కకు ఆ బొమ్మలు గుర్తులేవు. కానీ ఆ మాట పట్టుకుని నెలాఖరు ఆదివారానికి టికెట్లు తీసుకుంది. వెళ్లడానికి రెండు, రావడానికి ఒకటి. వాటిని బీరువాలో తెల్లకోట్ల కింద దాచింది. కాగితం ముక్కలే అయినా, కోటు తీసుకున్న ప్రతిసారీ వాటి వైపు చూడకుండా బీరువా మూసేసేది. ఏ తల్లయినా బిడ్డను వదిలించుకోవాలని టికెట్టు కొనదు. చేతకాక కొంటుంది.

మరి పిల్ల తండ్రి ఏడీ అంటారేమో. వేరుపడి ఏడాదిన్నర అయింది. పోట్లాటలు, కోర్టులు ఏమీ లేవు, ఇద్దరికీ పడలేదు, అంతే. ఆదివారం పూట ఫోనులో కనిపిస్తాడు. పిల్లకు మాత్రం "నాన్నకి దూరంగా డ్యూటీ పడింది" అని చెప్పారు. చెప్పారంటే, దోమక్క చెప్పింది, అతను కాదనలేదు, ఆ మాట నిలబెట్టడానికి ఇంటి వైపు రావడమూ మానేశాడు.

శనివారం క్లాసులో పదిమంది దాకా ఉన్నారు. చిన్నపిల్లల కుర్చీలు, మోకాళ్లు గడ్డానికి తగిలేవి. నడిపేది ఒక ముసలావిడ. పిల్లల వార్డులో ముప్పై ఏళ్లు చేసి వచ్చిందట, అందరూ పెద్దమ్మగారు అనేవారు. సుద్దులు చెప్పలేదు. తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి పేజీని మూడు గళ్లు చేయించింది: ముందు, అప్పుడు, తర్వాత. "పిల్ల గొడవ చేసిన ప్రతిసారీ మూడూ నింపండి. వ్యాఖ్యానాలు వద్దు" అంది.

రాతపని దోమక్కకు కొత్తా? రోజుకు అరవై గొట్టాల మీద చీటీలు రాసే చెయ్యి. మరుసటి శనివారం పెద్దమ్మగారు ఆ పుస్తకం చూసి కళ్లజోడు సవరించుకుంది. "ఉదయం 8:10. కుడి మోచేయి కొరికింది, చర్మం తెగలేదు. తర్వాత: నీళ్లతో కడిగాను, కేకలేశాను, 22 నిమిషాలు ఏడ్చింది." ఇలా తొమ్మిది. తొమ్మిదింటికీ "ముందు" గడిలో ఒకటే మాట: ఏమీ లేదు.

"ఏమీ లేకుండా ఎలా వస్తుందమ్మా?"

"నిజంగా ఏమీ లేదండీ. బానే ఉంటాం. ఉన్నట్టుండి మొదలెడుతుంది."

పక్కన కూర్చున్న ప్లంబరు కల్పించుకున్నాడు. అతనికి కవలలు, ఇద్దరూ చేతికి దొరక్కుండా వీధుల్లోకి పరిగెత్తే రకం. "అక్కా, తడి కనపడ్డ చోట లీకు ఉండదక్కా. ఈ గదిలో చెమ్మొస్తే పక్క గదిలో పైపు చూస్తాం మేము."

"అదీ మాట" అంది పెద్దమ్మగారు. "ఈ వారం 'ఏమీ లేదు' అని రాయడానికి వీల్లేదు. నిలబడితే నిలబడ్డానని రాయండి, నవ్వితే నవ్వానని రాయండి."

దోమక్క అలాగే రాసింది. మూడో శనివారం తన వంతు వచ్చినప్పుడు పైకి చదివింది. "సోమవారం. ముందు: ముద్దు పెట్టి బిస్కెట్టు ఇచ్చాను. అప్పుడు: గ్లాసు విసిరింది. మంగళవారం. ముందు: కొత్త స్టిక్కర్లు ఇచ్చాను. అప్పుడు: చెయ్యి కొరికింది. గురువారం. ముందు: ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పాను. అప్పుడు: జుట్టు పీకింది."

"మా వాళ్లు తిడితే తంతారు" అన్నాడు ప్లంబరు. "మీ పిల్లేంటక్కా, ముద్దు చేస్తే కొరుకుతుంది?"

గది అంతా నవ్వింది, దోమక్క కూడా నవ్వింది. పెద్దమ్మగారు మాత్రం నవ్వలేదు.

"బిస్కెట్టు ఇచ్చాక మీరేం చేశారు?"

"డ్యూటీకి వెళ్దామనుకున్నాను."

"ఆ సంగతి పిల్లకి చెప్పారా?"

"చెప్తే ఊరుకోదు కదండీ. అది కార్టూన్లో పడ్డాక పక్కింటి పిన్నిని కూర్చోబెట్టి, మెల్లగా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోతాను."

"స్టిక్కర్లు?"

"పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి ఆ రోజు. పార్కుకని చెప్పాను."

"కథ?"

దోమక్క పుస్తకంలోకి తల దించింది. కథ చెబుతూ పిల్లకు తెలియకుండా గోళ్లు కత్తిరించబోయింది. అది కూడా ఆమె లెక్కలో నేర్పే. ఇప్పుడు ఆ పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్కటే తెలిసొచ్చింది. అమ్మ కేకలేస్తే ఆ పిల్లకు భయం లేదు. అమ్మ నవ్వితే భయం. ఎవరైనా బంగారం అని పిలిచి రంగుల పెట్టె చూపిస్తే, ఏదో ఒకటి పోబోతోందని ఆ పిల్లకు అర్థమైపోతుంది. పాపం, ఆ టీచరు ప్రేమగానే పిలిచింది. ప్రేమగా పిలవడమే ఆమె చేసిన తప్పు.

దోమక్కకు సిగ్గేసింది. సిగ్గు వెనకే ఉక్రోషం వచ్చింది. "నేను మంచికే కదండీ చేశాను? నొప్పి తెలియకూడదనే కదా? ల్యాబులో ఎంతమంది పిల్లలకి ఇలాగే చేస్తాను, ఒక్కరూ ఏడవరు."

"ల్యాబులో పిల్లలు మిమ్మల్ని ఒక్కసారే చూస్తారమ్మా" అంది పెద్దమ్మగారు. "ఇంట్లో పిల్ల రోజూ చూస్తుంది."

ఇక చేయాల్సిందేమిటో ఆవిడ రెండు ముక్కల్లో చెప్పింది. చెప్పి వెళ్లాలి. చెప్పిన వేళకు రావాలి. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వాలి, ఏడుపు తప్పు కాదు.

వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. సోమవారం ఉదయం దోమక్క టీవీ కట్టేసి, కూతురి ఎదురుగా నేల మీద కూర్చుని, "నేను ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాను. బడి దగ్గర పిన్ని దింపుతుంది. సాయంత్రం ఐదున్నరకి వస్తాను" అంది. చిట్టెలుక ముందు నమ్మలేదు. తల్లి చెప్పులు వేసుకోవడం చూశాక కాళ్లు చుట్టేసుకుంది. నలభై నిమిషాలు. మెట్ల మీద తలుపులన్నీ తెరుచుకున్నాయి, చూసిన ప్రతివాళ్లూ ఒక సలహా పారేసి పోయారు. ఒక చాక్లెట్టు చేతిలో పెట్టి జారుకుంటే క్షణంలో అయిపోయే పని. దోమక్క ఏడుపు ఆపుకుంటూ అక్కడే నిలబడి అదే మాట ఆరుసార్లు చెప్పింది. ల్యాబుకు ఆలస్యంగా వెళ్లి ఇన్‌చార్జితో చీవాట్లు తింది. సాయంత్రం మాత్రం ఐదుంపావుకే వచ్చి, ఐదున్నర అయ్యేదాకా వీధి చివర నిలబడి, సరిగ్గా వేళకు తలుపు కొట్టింది.

మంగళవారం ముప్పై నిమిషాలు. బుధవారం మళ్లీ నలభై. శుక్రవారం పిల్ల గుమ్మం దగ్గర కూర్చుని తల్లిని ప్రశ్నలతో చంపింది. ఎవరి రక్తం తీస్తావు, ఎంతమందిది, బస్సు రాకపోతే ఏం చేస్తావు, బస్సు చెడిపోతే? అన్నిటికీ నిజమే చెప్పింది. తెలియనివి తెలియవంది. ఆ మరుసటి వారం బడిలో ఒక పలక పగిలింది కానీ ఎవరి చెయ్యీ తెగలేదు. "ఏం మందు వేశారు?" అంది క్లాసు టీచరు. పెన్సిళ్ల పెట్టె చూపించే ముందు ఏ బల్ల దగ్గరికి, ఎందుకు మారుస్తున్నారో చెప్పేయండి అంది దోమక్క. టీచరు వింతగా చూసింది, కానీ అలాగే చేసింది.

ఇక్కడితో కథ సుఖాంతం అయితే ఎంత బావుండేది. నాలుగో వారం బుధవారం ల్యాబులో మిషను మొరాయించింది. శాంపిళ్లు రెండోసారి పెట్టాల్సి వచ్చింది. దోమక్క ఇల్లు చేరేసరికి ఆరుంపావు. ఫోను చేద్దామని కూడా తట్టలేదు, చేతులు ఖాళీ లేవు. గుమ్మంలో పక్కింటి పిన్ని ముంజేయి పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి చర్మం తెగింది.

"ఐదున్నర అయిందగ్గర్నుంచి తలుపు దగ్గరే నిలబడిందమ్మా" అంది పిన్ని. "ఆరింటికి నేను, రా తల్లీ నీకు ఒకటి చూపిస్తా అన్నాను. అంతే. నాకూ వయసు మీద పడింది. ఇక నావల్ల కాదు, ఏమీ అనుకోకు."

అనుకోవడానికి ఏముంది? పిన్ని లేకపోతే పిల్లను చూసేవాళ్లు లేరు. పిల్లను చూసేవాళ్లు లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఇల్లు గడవదు. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, అప్పుడే తల్లి ఫోను: "ఆదివారం ఏ టైముకి దిగుతారు?" దోమక్క టైము చెప్పేసింది. చెప్పి, బీరువాలోంచి టికెట్లు తీసి చేతిసంచిలో వేసుకుంది. గురువారం, శుక్రవారం సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. శుక్రవారంతో హెడ్మాస్టరమ్మ ఇచ్చిన నెల గడువు కూడా తీరింది. బడిలో ఎవర్నీ కొరకలేదు కాబట్టి ఇంకో నెల చూద్దామంది ఆవిడ. ఆ మాట కూడా దోమక్క చెవికెక్కలేదు. పిల్ల బడిలో ఉండటానికి ముందు ఇంట్లో ఉండాలి కదా.

శనివారం క్లాసుకు పోలేదు. మధ్యాహ్నం చిన్న పెట్టె మంచం మీద పెట్టి పిల్ల బట్టలు మడతపెడుతోంది. చిట్టెలుక గుమ్మంలో నిలబడి చూసింది. పెట్టెలో తన బట్టలు ఎక్కువ, అమ్మవి ఒక్క జత.

"రా బంగారం" అంది దోమక్క నవ్వుతూ. "రేపు అమ్మమ్మ ఇంటికి వెళ్దామా సెలవులకి? అక్కడ కుందేళ్లున్నాయి తెలుసా. తెల్లవి, ఇంతింత చెవులతో."

పిల్ల కదల్లేదు. దవడ బిగుసుకుంది. కళ్లు కుందేళ్ల కోసం ఎటూ వెతకలేదు, తల్లి ముఖం మీదే ఉన్నాయి. ఆ చూపు దోమక్కకు తెలుసు. ఇంకో రెండు క్షణాల్లో ఏం జరుగుతుందో కూడా తెలుసు. అది జరగకముందే తన గొంతు తనకు వినపడింది. ల్యాబులో వాడే గొంతు.

చేతిలో గౌను కింద పెట్టేసింది.

"అమ్మమ్మ ఇంట్లో కుందేళ్లు లేవు" అంది.

చిట్టెలుక పెట్టె వైపు చూసింది.

"సెలవులకి కూడా కాదు. నిన్ను అక్కడ ఏడాది పాటు ఉంచుదామనుకున్నాను. నువ్వు పడుకున్నాక చెప్పకుండా వచ్చేద్దామనుకున్నాను." సంచిలోంచి టికెట్లు తీసి మంచం మీద పరిచింది. ఏ కాగితం దేనికో వేలితో చూపించి చెప్పింది. "ఇప్పుడు వెళ్లట్లేదు. సోమవారం నుంచి నిన్ను ఎవరు చూస్తారో నాకింకా తెలీదు. అడగాలి అందర్నీ. కానీ వెళ్లట్లేదు."

"నేను కొరుకుతాననా?"

"నువ్వు కొరుకుతావు. నాకేమో ఏం చెయ్యాలో తెలీలేదు. అందుకని."

చిట్టెలుక వచ్చి మంచం అంచున కూర్చుంది. తిరిగి రావడానికి ఉన్న ఒక్క టికెట్టును చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూసింది.

"నాన్నలాగానా?" అంది.

"నాన్నకి దూరంగా..." అని మొదలుపెట్టింది దోమక్క. ఏడాదిన్నరగా నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేస్తుంది. సగంలో మింగేసింది. "నాన్నకి దూరంగా డ్యూటీ ఏమీ లేదు తల్లీ. ఈ ఊళ్లోనే వేరే ఇంట్లో ఉంటున్నాడు. ఇక మన ఇంట్లో ఉండడు. నువ్వంటే ఇష్టం లేక కాదు. నాకూ నాన్నకీ పడక."

ఇప్పుడు వస్తుంది అనుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొరికితే కొరకనీ, వెనక్కి తీసుకోకూడదనుకుంది.

"తెలుసు" అంది చిట్టెలుక.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నన్ను ఎత్తుకుని బాల్కనీలోకి తీసుకెళ్లావు కదా, కింద ఎర్ర లారీ వచ్చింది చూడు చూడు అని. నేను లారీ చూడలేదు. నీ భుజం మీంచి వెనక్కి చూశాను. నాన్న పెద్ద పెట్టె పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ఇలా వేలు పెట్టాడు." పెదాల మీద వేలు పెట్టుకుని చూపించింది. "తర్వాత తలుపు వేసేశాడు."

ఐదున్నరేళ్ల పిల్ల అప్పటికి. లారీ ఎంత బావుందో అంటూ ఆ రోజంతా కబుర్లు చెప్పింది. దోమక్కకు బాగా గుర్తుంది. పిల్లకేమీ తెలియలేదు, గండం గడిచిందని పిన్నితో చెప్పుకుంది కూడా.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

చిట్టెలుక టికెట్టును జాగ్రత్తగా మడతపెట్టి తల్లి చేతిలో పెట్టింది.

"నువ్వు ఏడుస్తావని" అంది. "అందుకే లారీ చూశానని చెప్పాను."

దోమక్క ఏడ్చింది. లేచి వంటింట్లోకి పోలేదు, ముఖం పక్కకు తిప్పుకోలేదు. కూతురు చూస్తుండగానే, మంచం మీద బట్టల మధ్య కూర్చుని, చాలాసేపు ఏడ్చింది.